రీప్లే కోసేసే పది సెకన్లు

సంపాదకుల వారికి,

అయ్యా,

పది రోజుల కిందట మీ ఆదివారం సంచికలో అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ గురించి వచ్చిన వ్యాసం, అక్కడి రీప్లే పద్ధతి మన క్రికెట్‌లోని డీఆర్ఎస్ లాంటిదేనని ఒక్క వాక్యంలో తేల్చేసింది. ఆ రోజే రాయవలసిన ఉత్తరమిది. పనుల ఒత్తిడిలో ఆలస్యమైంది కానీ కోపం మాత్రం తగ్గలేదు.

క్రికెట్‌లో మూడో అంపైరు ఐదు నిమిషాలు చూసినా పోయేది మన ఓపికే తప్ప ఓవర్లు కావు. కళాశాల ఫుట్‌బాల్‌ను కొలిచేది గడియారం: 15 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. పరిశీలన సాగినంతసేపూ గడియారం ఆగే ఉంటుంది కనుక ఎవరికీ నష్టం లేదని మీ వ్యాసకర్త అనుకున్నట్టున్నారు. నష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. ఆట చివరి క్షణాల్లో బంతి పట్టినవాడు హద్దు దాటాడని ప్రకటిస్తే గడియారం ఆగుతుంది. తీరా రీప్లేలో అతని మోకాలు గీతకు ఇవతలే నేలకు తగిలిందని, అంటే హద్దు లోపలే అతని పరుగు ముగిసిపోయిందని తేలితే, అసలు గడియారం ఆగకూడదు కాబట్టి 10 సెకన్లు కోసేస్తారు. టైమౌట్ (జట్టు అడిగి తీసుకునే విరామం) మిగిలి ఉంటే దాన్ని ధారపోసి కోత తప్పించుకోవచ్చు. అదీ లేక, ఉన్న సమయం పది సెకన్లకు లోపైతే, ఆట అక్కడితో సరి.

మా అబ్బాయి చదివే విశ్వవిద్యాలయం ఆడిన ఆటలో ఇది కళ్లారా చూశాను. స్కోరుబోర్డు మీద 0:14 అంకెలు నిలిచిపోయాయి. రిఫరీ హెడ్‌సెట్ తగిలించుకుని చిన్న తెరలోకి వంగి నిలబడ్డాడు. బ్యాండు వాళ్లు వాయించడం ఆపేశారు. నా ముందు వరుసలో ఒక పెద్దాయన పాప్‌కార్న్ డబ్బా ఒళ్లో పెట్టుకుని తినడం మరిచిపోయాడు. చివరికి రిఫరీ వచ్చి నిర్ణయం మారిందని రెండు ముక్కలు చెప్పాడు, అంకెలు 0:04కు పడిపోయాయి. ‘గడియారం పాడైందా?’ అని అడిగింది మా ఆవిడ. లెక్క నేను చెప్పేలోపే చివరి బంతి ఎవరికీ అందకుండా పోయింది. సరిగ్గా చూడనివాడు రిఫరీ, కోత పడింది పిల్లలకు.

కోత లేకపోతే ఎదుటి జట్టుకు అన్యాయమని నాకూ తెలుసు. అయినా తర్వాతి ఎత్తుకు ఆరు సెకన్లలో బారులు తీరగల జట్టుకూ, పదిహేను సెకన్లు పట్టే జట్టుకూ అదే పది సెకన్ల కోతా? ఎల్బీడబ్ల్యూ నిర్ణయం తారుమారైనప్పుడల్లా ఓవర్లో రెండు బంతులు తగ్గిస్తామంటే మనం ఊరుకుంటామా?

రీప్లే గడియారానికి మేలు చేసిన సందర్భాలూ లేకపోలేదు. 2009 డిసెంబరులో, మా ఇంటికి దగ్గరలోని ఆర్లింగ్టన్ మైదానంలోనే, సున్నాకు చేరిన గడియారానికి ఒక్క సెకను తిరిగి చేర్చబట్టి టెక్సాస్ జట్టు నెబ్రాస్కాపై 13–12తో గెలిచింది. 2013లో అలబామా శిక్షకుడు నిక్ సాబన్ పట్టుబట్టి అలాంటి ఒక్క సెకనే సాధించుకున్నారు. ఆ సెకనులో తన్నిన బంతి గురి చేరక ఆబర్న్ ఆటగాడి చేతికి చిక్కింది, అతను మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తి అలబామాను ఓడించాడు. కొరివితో తల గోక్కోవడం అంటే అదే. ఇక రీప్లే చూసీ తప్పు దిద్దని సందర్భమూ ఉంది: 2015లో డ్యూక్–మయామీ ఆట ముగింపును తొమ్మిది నిమిషాలదాకా చూసి కూడా, మధ్యలో ఒక ఆటగాడి మోకాలు నేలకు తగిలిన పరుగును టచ్‌డౌన్‌గానే (బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించి పాయింట్లు సాధించడం) ఉంచారు. తర్వాత ఆ అధికారులను రెండు ఆటలు పక్కన పెట్టారు. ఫలితం మాత్రం మారలేదు.

ఏ దేశమేగినా అధికారుల తీరు ఇంతే కాబోలు. ధ్రువపత్రంలో మన తండ్రి పేరు తప్పుగా కొట్టేది గుమాస్తా, అఫిడవిట్ పట్టుకుని తిరిగేది మనం. ఆట నిడివి తగ్గించాలని 2023లో, మొదటి డౌన్ (పది గజాలు ముందుకు సాగి కొత్త విడత అవకాశాలు సంపాదించడం) వచ్చినప్పుడల్లా గడియారం ఆపే పాత పద్ధతిని ఒక్కో అర్ధభాగంలో చివరి రెండు నిమిషాలకే పరిమితం చేశారు. కోత పెట్టింది పిల్లల ఆటకే, టీవీ ప్రకటనలను ముట్టుకున్న పాపాన పోలేదు. మరుసటి ఏడాది, ఒక్కో అర్ధభాగంలో రెండు నిమిషాలు మిగిలి ఉండగా ఆట ఆపే ‘రెండు నిమిషాల టైమౌట్’ అని ఇంకో విరామం కూడా చేర్చారు.

రీప్లే వద్దని నేననడం లేదు. ఎన్ని సెకన్లు ఎందుకు తీశారో రిఫరీ మైకులో ఒక్క వాక్యం చెబితే చాలు. డబ్బు పెట్టి టిక్కెట్టు కొన్నవాళ్లకు ఆ మాత్రం తెలియాలి. ఇక మీరు చేయవలసింది చిన్నదే: వచ్చే ఆదివారం, ఇది డీఆర్ఎస్ లాంటిది కాదని ఒక సవరణ వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఫ్రిస్కో, టెక్సాస్