దోనె ఎక్కడిదో తేలింది, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు

‘కేరళ పడవ, టేకు, రెండొందల ఏళ్లది’ అన్న చీటీతో హైదరాబాద్‌లోని ఒక పాత సామాన్ల గోడౌన్ నుంచి మా దగ్గరికి వచ్చిన పడవ కేరళది కాదు, టేకూ కాదు. అది తాటి దోనె, అంటే తాటిచెట్టు బోదెను తొలిచి చేసిన పడవ. కొల్లేట్లోనూ, కృష్ణా గోదావరి డెల్టా కాలువల్లోనూ తిరిగే రకం. సొంత పనులు మానుకుని వచ్చినవాళ్లకీ, ఫోన్లో ఓపిగ్గా చెప్పినవాళ్లకీ మా బృందం తరఫున నమస్కారం.

మొదట ముషీరాబాద్ టింబర్ డిపో మేస్త్రి గారికి. నల్ల వార్నిష్ పూసిన చెక్కను పైపైన చూసి ఏ చెట్టో చెప్పలేం. ఆయన విరిగిన అంచు దగ్గర కొత్త బ్లేడుతో ఒక చిన్న పెచ్చును అడ్డంగా కోసి, తడిగుడ్డతో తుడిచి, పదింతలు పెద్దగా చూపే భూతద్దం పెట్టారు. టేకయితే ఏడాదికో వలయం కనిపించాలి. ఇక్కడ వలయం జాడే లేదు. ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు, బయటి అంచున ఒత్తుగా, లోపలికి పోయేకొద్దీ పలచగా. అవి తాటి నారలు. తాటి బోదె పైన ఇనుములా ఉండి లోపల మెత్తగా ఉంటుంది కాబట్టే తొలిచి దోనె చేయడం కుదురుతుంది. వలయాలు లేవు కాబట్టి వాటిని లెక్కపెట్టి వయసు చెప్పే దారి మాత్రం మూసుకుపోయింది.

కేరళ కెట్టువళ్లం కాదని తేల్చడం సులువే. అక్కడి కెట్టువళ్లం అనే పడవ ఆంజిలి చెక్క పలకల అంచుల్లో రంధ్రాలు వేసి కొబ్బరి తాడుతో కుట్టినది. ఇందులో అతికిన పలకే లేదు, మొత్తం ఒకే బోదె.

కైకలూరు నుంచి కూకట్‌పల్లిలో కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దాయనకు మేం ఎంతో రుణపడి ఉన్నాం. ముందు చివర ఉబ్బెత్తుగా ఉన్నది చెట్టు మొదలని తడిమి చూపించారు. వెనక చివర తెరిచి ఉండటంతో, విరిగిందనుకుని గోడౌన్ వాళ్లు ప్లైవుడ్ ముక్క మేకులతో కొట్టారు. ‘అది ఇరగలేదండీ, అక్కడ బంకమట్టి కొడతాం’ అన్నారాయన. ప్లైవుడ్ తీస్తే పీచు సందుల్లో ఎండిన మట్టి, అందులో చిన్న మంచినీటి నత్త గుల్లలు! అంచుకు నాలుగు వేళ్ల కింద ఉన్న జత రంధ్రాలు చూసి, రెండు దోనెలను అడ్డకర్రలతో జోడించి సంగడి కట్టడానికి వేసినవని ఆయనే చెప్పారు.

అడుగున తారు పూసి కొట్టిన రేకు అతుకును ఊడదీసిన అమ్మాయికి ప్రత్యేకంగా ధన్యవాదాలు. కిరోసిన్ వాడితే తారు కరిగి పీచులోకి దిగిపోతుంది, రేకు మీది అచ్చూ పోతుంది. ఆమె హెయిర్ డ్రయర్‌తో కొద్దికొద్దిగా వేడి చేస్తూ ప్లాస్టిక్ గరిటెతో గంటన్నర గీకారు. రేకు లోపలి వైపు డాల్డా తాటిచెట్టు బొమ్మ, పక్కన ‘10 పౌండ్లు’ అని ఇంగ్లీషులో. డాల్డా 1937లో వచ్చింది. మెట్రిక్ తూకాలు 1958 నుంచి దశలవారీగా అమల్లోకి వచ్చాయి. పౌండ్లలో రాసి ఉంది కాబట్టి, రేకు కోసిన డబ్బా ఆ మార్పు పూర్తయ్యేలోపుదే అయి ఉంటుంది. అతుకు 1937కు ముందుది కాదు, తరువాత ఎప్పుడైనా వేసి ఉండొచ్చు. డబ్బా వయసును దోనె వయసనుకోకూడదు.

చెక్కలోని కార్బన్‌ను బట్టి వయసు లెక్కగట్టే రేడియోకార్బన్ పరీక్షకు డబ్బు పోయొద్దని ఆపిన ఫిజిక్స్ లెక్చరర్ గారికీ కృతజ్ఞతలు. సుమారు 1650 నుంచి 1950 దాకా ఆ లెక్క ఒక్క తేదీకి రాదు, రెండు మూడు కాలాలు చూపిస్తుంది. మనకు కావలసిందేమో సరిగ్గా ఆ మూడొందల ఏళ్ల లోపలి తేడా. 1972 పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం ఇలాంటి చేతిపని వస్తువు పురావస్తువు కావాలంటే వందేళ్లు నిండాలి. దోనె వయసుకు మా దగ్గర ఆధారం లేదు, అందుకే చీటీ మీది ‘రెండొందల ఏళ్లు’ కొట్టేశాం.

ఎండలో పెట్టినందుకు పీచు వెంబడి పగులు 40 నుంచి 58 సెంటీమీటర్లకు పాకింది. దాంట్లో పుట్టీ, ఎపాక్సీ నింపొద్దని చెప్పినవాళ్లదే సరైన మాట. వానాకాలం చెక్క ఉబ్బితే గట్టిపడిన పుట్టీ మేకులా పనిచేసి పగులును ఇంకా చీలుస్తుంది. ఇప్పుడు దోనె నీడలో, గోనెసంచి చుట్టిన మూడు దిమ్మెల మీద ఉంది. కింద నల్ల కాగితం పరిచాం, పురుగు కొత్తగా పొడి రాలిస్తే వెంటనే తెలుస్తుంది.

వచ్చే ఆదివారం పెద్దాయన వచ్చి మట్టికట్ట ఎలా వేస్తారో అదే కొలతలో చేసిన చెక్క నమూనా మీద చూపిస్తానన్నారు. రెండు బస్తాల బంకమట్టి తడిపి ఉంచాం.