ఆరోగ్య మంత్రి గారికి, మా వీధి చెత్తకుప్ప దగ్గరి జ్వరం గురించి

కర్ణాటక ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది మదనపల్లె వైపు. బెంగళూరు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. రాజకాలువ, అంటే వాననీళ్లు పోయే పెద్ద కాలువ, పక్క వీధిలో చిల్లర కొట్టు నడుపుకుంటున్నాను. కొట్టుకెదురుగానే అధికారులు ‘బ్లాక్ స్పాట్’ అనే చెత్తకుప్ప. ఎన్నిసార్లు ఎత్తేసి ముగ్గులేసినా రెండు రోజుల్లో మళ్లీ లేస్తుంది. ఆ చెత్త వేసేవాళ్లలో మా వీధివాళ్లూ ఉన్నారు, దాచడమెందుకు.

అక్కడ ఊడ్చే పౌరకార్మికురాలు మా తెలుగామే. మొన్న వానల తర్వాత ఆమెకు జ్వరం పట్టుకుంది. పిక్కలు పట్టేసి అడుగు వేయలేకపోయింది. డెంగీ అన్నారు, పరీక్షలో రాలేదు. ఆరో రోజు కళ్లు పచ్చబడ్డాక గానీ ఎలుక జ్వరమని తేలలేదు. మొదట్లోనే పట్టుకుంటే డాక్సీసైక్లిన్ మాత్రలతో తగ్గే జబ్బుకు పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది.

ఎలుక జ్వరం తెచ్చే ఈ లెప్టోస్పైరా క్రిమి ఎలుక మూత్రపిండాల్లో కాపురముంటుంది, ఎలుకకేమీ కాదు. మూత్రంతో బురదలోకి దిగుతుంది. ఎండకు ఆరితే చస్తుంది, తడి ఉంటే వారాల తరబడి బతుకుతుంది. నీళ్లలో నాని పగిలిన పాదం చాలు దానికి. కుక్కలకూ ఆవులకూ సోకుతుంది, వాటి మూత్రంతోనూ పాకుతుంది. అదే కుప్పలో మేసే చూడి ఆవొకటి ఆ నెలలోనే ఈసుకుపోయింది, కడుపు నిలవలేదు. కారణం ఇదేనని నేననలేను. దానికి పరీక్ష ఎవరు చేశారు గనుక?

పశువులు, చెత్త మీ శాఖ కావని తెలుసు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థతో పాటు ఆహారం, పర్యావరణం, పశు ఆరోగ్యం చూసే సంస్థలు మనుషులు, పశువులు, పరిసరాల ఆరోగ్యం ఒకటేననే ‘వన్ హెల్త్’ పేరిట ఉమ్మడి ప్రణాళిక రాసుకున్నాయి. ఆ సంస్థలున్న జెనీవా, రోమ్, నైరోబీ, పారిస్ ఒక మాట మీదికి రాగా లేనిది, ఒకే వార్డులో డాక్టరు, పశువైద్యుడు, చెత్త ఇంజనీరు ఒకరికొకరు ఫోను చేసుకోలేరా?

పౌరకార్మికులకు జ్వరమొస్తే డెంగీతో పాటు ఎలుక జ్వరం పరీక్షా చేయించండి. ఉందని తేలితే ఆ రోజే పశువైద్యుడికీ చెత్త ఇంజనీరుకూ కబురు వెళ్లాలి. మస్టరింగ్ (పనివాళ్ల హాజరు) పెట్టే ప్రతిచోటా కాళ్లు కడుక్కోను నీళ్లు, సబ్బు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండాలి.

ఆమె సోమవారం పనిలోకి వచ్చింది. ఇచ్చిన గమ్‌బూట్లు మగవాళ్ల కొలతవట, జారిపోతాయని ఇంట్లోనే పెట్టింది. కాళ్లకు అవే హవాయి చెప్పులు.

ఇట్లు,
రాజకాలువ పక్క వీధి కొట్టువాడు