సెల్లోటేపు మింగిన అక్షరాలు

సంపాదకుడు గారికి,

డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. చేరిన కొత్తలో, చిరిగిన పాత పత్రికల పేజీలకు ఎంతో శ్రద్ధగా సెల్లోటేపు అంటించాను. కొన్నేళ్లకు టేపు ఊడిపోయింది. దాని జిగురు మాత్రం గోధుమరంగు చారలై కాగితంలోకి ఇంకి, అక్షరాలను మింగేసింది. పల్చటి టిష్యూ కాగితం, పిండితో ఉడికించిన జిగురు వాడాలని ఆ తర్వాత ఒక వర్క్‌షాప్‌లో తెలిసింది. అదీ సొంత సెలవు పెట్టి, సొంత ఖర్చుతో వెళ్తే!

1935లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలయ శాస్త్రం కోర్సు మొదలుపెట్టింది. కానీ ఉద్యోగంలో చేరాక నేర్పేవాళ్లే కరువు. యూజీసీ నిబంధనల్లో పదోన్నతికి శిక్షణ కోర్సులు ఉన్నాయి, సరే. పదోన్నతే లేని కాంట్రాక్టు, గెస్ట్ లైబ్రేరియన్ల మాటేమిటి? వాళ్లు శిక్షణకు వెళ్తే లైబ్రరీకి తాళమే. వెళ్లినా రోజంతా స్లైడ్లు చూసి, సర్టిఫికెట్ పట్టుకుని రావడమే ఎక్కువ. లైబ్రరీ పుస్తకాల లెక్కలు చూసే కోహా సాఫ్ట్‌వేర్ ఉచితమే కానీ, డేటా పోతే బ్యాకప్ నుంచి ఎలా తెచ్చుకోవాలో దగ్గరుండి చేయించేవారేరీ?

ఉన్నత విద్యాశాఖ ఏటా కనీసం ఐదు రోజుల శిక్షణను డ్యూటీగా లెక్కించాలి, కాంట్రాక్టు వాళ్లకూ. అది హోటల్ హాల్లో వద్దు. తాళపత్రాలు, పాత పత్రికలు ఉన్న చోటే పెట్టండి.

– ఒక లైబ్రేరియన్, తెనాలి