ఏడో ప్రశ్నకు జాగా చాలలేదు

చిరంజీవి అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. తిండికి దూరమయ్యే, తమను తాము గాయపరచుకునే పిల్లల మీద నీ థీసిస్ కోసం, వాళ్ల తల్లిదండ్రులను అడగడానికి నువ్వు రాసి పంపిన ప్రశ్నావళి ప్రింటు తీయించుకున్నాను. ఫోన్‌లో చదివితే నాకు తప్పులు కనబడవు. ఎర్ర పెన్ను పట్టుకుని రెండు రోజులు దాంతోనే కూర్చున్నాను. "పిల్ల ఏదో సలహా అడిగితే పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దుతున్నారేంటి" అంది మీ అమ్మ. ఏం చెయ్యను, ముప్పయ్యేళ్లు ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపినవాణ్ణి. అలవాటు పోదు.

ముందు చిన్నవి చెప్పేస్తాను. నాలుగోది ఒక ప్రశ్న కాదు, మూడు. "మీ అమ్మాయి తిండి, నిద్ర, చదువులో మార్పు గమనించారా?" అంటే, తిండిలో గమనించి నిద్రలో గమనించనివాడు టిక్కు ఎక్కడ పెట్టాలి? విడగొట్టు. పదకొండోదాంట్లో "ఆత్మగౌరవ లోపం" అని రాశావు. ఏ తల్లీ అలా మాట్లాడదు. "నేను దేనికీ పనికిరాను అంటూ ఉండేదా?" అని అడుగు. పంతొమ్మిదోది తీసెయ్. వచ్చిన జవాబుతో ఏం చేస్తావో నీకే తెలియనప్పుడు ఎదుటివాళ్ల టైము తినకూడదు. ఇంకొకటి, ఫారం నిండా "అమ్మాయి" అనే ఉంది. మగపిల్లల తల్లిదండ్రులు మొదటి పేజీలోనే ఇది మాకు కాదనుకుని పక్కన పెట్టేస్తారు. సన్నబడాలన్న తపన గురించే అడిగితే, కండలు పెంచాలని తిండితో కుస్తీ పడే కుర్రాడు నీ లెక్కలోకి రానే రాడు.

ఇక ఆరో ప్రశ్న. దీని దగ్గరే ఎక్కువసేపు ఆగాను. "మీ బిడ్డ ఎప్పుడైనా తనకు తాను గాయం చేసుకుందా? అవును / కాదు." ఇంత పెద్ద మాటకు రెండే గళ్లా? మేం సర్వేకి వెళ్లినప్పుడు "ఇంట్లో పశువులున్నాయా?" అంటే "మాకెక్కడివండీ" అనేవాళ్లు. "కోళ్లు?" అంటే "ఆ, ఓ ఆరున్నాయి" అనేవాళ్లు. అబద్ధం చెప్పారని కాదు. వాళ్ల లెక్కలో కోడి పశువు కాదు, అంతే. నీ విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఒక్క ముక్కలో అవునా కాదా అని అడిగిన సర్వేల్లో తక్కువ మంది, ఒక్కొక్కటీ పేరు పెట్టి అడిగిన సర్వేల్లో ఎక్కువ మంది తేలుతున్నారని నువ్వు పంపిన వ్యాసాల్లోనే ఉంది. 2014లో రకరకాల దేశాల సర్వేలను కలిపి లెక్క కట్టినవాళ్లకు, చనిపోవాలన్న ఉద్దేశం లేకుండా ఒక్కసారైనా తమను గాయపరచుకున్న కౌమార వయసు పిల్లలు 17.2 శాతం అని తేలింది కదా. నువ్వు ఆ అంకె కింద గీత గీశావు. నేనైతే ఇంకో వాక్యం కింద గీశాను. సర్వేకీ సర్వేకీ మధ్య వచ్చిన తేడాలో సగానికి పైగా, సర్వే చేసిన పద్ధతుల వల్ల వచ్చినదేనట. అంటే తేడా చాలావరకు పిల్లల్లో లేదు, మన కాగితంలో ఉంది.

అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మీ గైడు టెన్షన్ పడుతున్నారన్నావు. పడనీ, మంచిదే. కానీ 2005లో అచ్చయిన న్యూయార్క్ రాష్ట్రపు అధ్యయనం ఆవిడకు చూపించు. ఆరు హైస్కూళ్లలో 2342 మంది పిల్లలను రెండు గుంపులు చేసి, ముందు ఒక గుంపునే ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగారు. అడిగినందువల్ల వాళ్లలో ఆందోళన గానీ ఆ ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే కుంగిపోయి ఉన్న పిల్లలకైతే కాస్త తేలికపడినట్టు కనిపించింది. అయితే అడగడం వేరు, అచ్చు వేయడం వేరు. థీసిస్‌లో ఎవరు ఎలా గాయపరచుకున్నారు, ఎన్ని కిలోలకు దిగిపోయారు, రోజుకి ఎంత తినేవారు అని మాత్రం రాయకు. ఆ అంకె చదివి "నేనింకా అంత తగ్గలేదే" అనుకునే పిల్ల ఎక్కడో ఒకతి ఉంటుంది. ఈ సంగతి నీకు నేను చెప్పాలా!

నీ ముందుమాటలో ఫిజీ పేరా గురించి కూడా ఒక మాట. 1995లో ఆ దేశంలో ఒక ప్రాంతానికి టీవీ కొత్తగా వచ్చినప్పుడు 63 మంది ఆడపిల్లలను, 1998లో 65 మందిని ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు అడిగింది. తిండి విషయంలో ప్రమాదం సూచించే స్కోరు వచ్చినవాళ్లు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. దాన్ని పట్టుకుని "టీవీ వల్ల జబ్బు వచ్చింది" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. నేను ఒప్పుకోను. మొదట అడిగిన పిల్లలు వేరు, మూడేళ్ల తర్వాత అడిగిన పిల్లలు వేరు. పైగా స్కోరు జబ్బు కాదు. నాకు నచ్చింది ఆవిడ ఆ అంకెలతో ఆగిపోకుండా పిల్లలతో కూర్చుని మాట్లాడటం. టీవీలో ఆడవాళ్లలా ఉంటే ఉద్యోగం దొరుకుతుందన్నారట కొందరు. వాళ్లకు కావలసింది నడుము కాదు, బతుకుదెరువు. ఇంకో మాట కూడా నా మనసులో ఉండిపోయింది. అక్కడ మనిషికి ఆకలి చచ్చిపోతే దాన్నొక జబ్బుగా పేరు పెట్టి పిలుస్తారట, చుట్టుపక్కలవాళ్లంతా కంగారుపడతారట.

మనింట్లో దానికి పేరు లేదు. నేను మొండితనం అన్నాను.

నీకు గుర్తుందో లేదో, నీ పదహారో ఏట ఒక ఆదివారం మధ్యాహ్నం మనింటికే సర్వే వచ్చింది. మా ఆఫీసుది కాదు. కొత్త కుర్రాడు, ఫారాలు అట్టకి క్లిప్పు పెట్టుకుని, చెమటలు కక్కుతూ వచ్చాడు. తోటి పనివాడు కదా అని ఫ్యాను కింద కుర్చీ వేశాను. పేర్లు, వయసులు, చదువులు అయ్యాయి. "గత పదిహేను రోజుల్లో ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అండీ?" అన్నాడు.

"లేదు" అన్నాను.

నువ్వు తలుపు పక్కనే ఉన్నావు. అంత ఎండల్లో నిండు చేతుల చొక్కా. ముందురోజు రాత్రి కంచంలో ముద్దను ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ముప్పావు గంట జరుపుతూ కూర్చున్నావు. నేను చూస్తూనే ఉన్నాను. వంటింటి గడపలో మీ అమ్మ ఆగి నా వైపు చూసింది. ఎవరం ఏమీ అనలేదు. కుర్రాడు గడిలో సున్నా వేసుకుని పేజీ తిప్పాడు.

"ఇంటిపెద్ద చెప్పింది రాసుకుని వచ్చేయకండి, ఎవరి సంగతి వాళ్లనే అడగండి" అని శిక్షణ తరగతుల్లో గొంతు చించుకున్నవాణ్ణి నేను. పరువు కోసం లేదన్నానని చెప్పేస్తే తేలిక. అదీ కొంత ఉంది. కానీ నిజంగానే నా లెక్కలో అది జబ్బు కాదు, కోడి పశువు కానట్టు. జ్వరం అయితే చెప్పేవాణ్ణి.

నాలుగు నెలల తర్వాత డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు గానీ తెలిసిరాలేదు. నువ్వు బయట బెంచీ మీద ఉన్నావు. "అయినదానికీ కానిదానికీ విసుక్కుంటోంది, మా పిల్లలా లేదు" అన్నాను. ఆయన ఒక పాత ప్రయోగం గురించి చెప్పాడు. 1944, 45లో అమెరికాలోని మినసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వాళ్లు ఒప్పుకున్నాకే, ఆరు నెలల పాటు తిండి బాగా తగ్గించాడు. శాంతంగా ఉండేవాళ్లు చిరాకు పడిపోయారు, స్నేహితులకు దూరంగా జరిగారు, పొద్దస్తమానం తిండి గురించే ఆలోచించారు. వంటల పుస్తకాలు పోగేసినవాళ్లూ ఉన్నారు. "ఆ కోపం మీ అమ్మాయిది కాదండీ, ఆకలిది" అన్నాడాయన. ఆ ఒక్క మాటతో నీ మీద నాకున్న కోపం జారిపోయింది. నా మీద మొదలైందనుకో, అది వేరే కథ.

చేతుల సంగతి బయటపడిన రోజు మాత్రం మళ్లీ తప్పే చేశాను. "ఎందుకిలా చేశావ్?" అన్నాను. ఆ ప్రశ్న పోలీసుది. దానికి నువ్వు రెండేళ్లు జవాబు చెప్పలేదు. తర్వాతెప్పుడో బస్సులో, కిటికీలోంచి బయటికి చూస్తూ, "లోపల గోల కాసేపు ఆగేది నాన్నా, మళ్లీ రెట్టింపై వచ్చేది" అన్నావు. నలుగురి దృష్టిలో పడాలని చేస్తారని జనం అనుకుంటారు. నువ్వైతే ఎండాకాలమంతా దాచావు. భరించలేని బాధను ఆ క్షణానికి అణచుకోవడానికేనని ఎక్కువమంది చెప్పినట్టు పరిశోధనల్లోనూ ఉంది కదా. అందుకే పిల్లలతో మాట్లాడే విడతలో "ఎందుకు" తీసెయ్. "ఆ రోజు ఏం జరిగింది, పొద్దున్నుంచీ చెప్పు" అను. ఊరుకుంటే నువ్వూ ఊరుకో. ఖాళీని నింపెయ్యాలని రెండో ప్రశ్న వెయ్యకు. మా కుర్రాళ్లందరూ చేసే తప్పు అదే.

"ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకు. ప్రాణం మీదికొచ్చే సంగతి తెలిస్తే సాయం చేయగలవాళ్లకు చెప్పాల్సి వస్తుందని మొదలుపెట్టకముందే చెప్పు. మధ్యలో చెబితే మోసం అనిపిస్తుంది. రోజుకి ఒక్కరితోనే మాట్లాడు. ఆ సాయంత్రం నీ మాట వినడానికి ఒక మనిషిని పెట్టుకో. నేనే కానక్కర్లేదు. నువ్వు దాటొచ్చిన దారి కాబట్టి నీకు తొందరగా అర్థమవుతుందంటారు. నా భయం కూడా అదే. వాళ్లు సగం చెప్పగానే మిగతా సగం నువ్వు నీ కథలోంచి పూరించేస్తావు.

మొదటి జవాబుదారుగా నా ఫారం నింపి ఇందులోనే పెట్టాను. ఏడో ప్రశ్నలో "మీకు మొదట ఎప్పుడు తెలిసింది?" అని ఒక తేదీకి సరిపడా గడి ఇచ్చావు. నాకు రెండు తేదీలున్నాయి. చూసిన రోజు ఒకటి, ఒప్పుకున్న రోజు ఒకటి. జాగా చాలక కాగితం వెనక రాశాను. స్కాన్ చేసేటప్పుడు రెండు వైపులా తీయి.

మీ అమ్మ ఫారం వేరే కవర్లో ఉంది. తనే నింపి, తనే అంటించింది. నేను చూడలేదు.

నాన్న