మార్చి ఉత్తరం: మన పిల్లలు రాసిన ‘మకర’ కథ

తల్లిదండ్రులకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు నమస్కారం.

పరీక్షల టైంటేబుల్ వెనక పేజీలో ఉంది. ఈ ఉత్తరం మాత్రం ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు మూడు నెలలుగా రాస్తున్న కథ గురించి.

రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయని మన ఒడిశా గంజాం జిల్లా పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2024లో అవి గుంపుగా రానే లేదు. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షలు వచ్చాయి. ఆ రోజుల్లో కొందరు బడికి కూడా రాలేదు, నేనూ ఏమీ అనలేదు. అందుకే కథ రాయమనగానే వారంలో రాసేశారు. ఒకామె ఒంటరిగా దొంగలతో పోరాడి గుడ్లు కాపాడుతుంది. ఆమెకో స్నేహితురాలుంది కానీ, కథ మొత్తంలో ఆ మనిషికి చప్పట్లు కొట్టడం తప్ప పనే లేదు. చదివి బాధపడ్డాను. “మీ అమ్మకు స్నేహితురాలెవరు?” అని తరగతిలో అడిగితే చాలామంది చెప్పలేకపోయారు. ఇంటికెళ్ళి అడిగి రమ్మన్నాం.

ఒక అమ్మాయి వాళ్ళ నాయనమ్మ మాట మోసుకొచ్చింది. సంక్రాంతి నాడు పక్క ఊరి ఒడియా ఆవిడతో స్నేహం కట్టుకుందట. అప్పటినుంచి ఒకరినొకరు ‘మకర’ అనే పిలుచుకుంటారు, పేరు పెట్టి పిలవరు. మన శ్రీకాకుళం వైపు ‘నేస్తం’ అని పిలుచుకున్నట్టే. ఆ ఒక్క మాటతో కథ మారిపోయింది. ఇప్పుడు కథలో ఇద్దరికీ పేర్లు లేవు.

ఒక మకర భర్తది చిన్న పడవ. ఇంకో మకర రాత్రిళ్ళు ఒడ్డున గుడ్లకు కాపలా కాస్తుంది. నవంబరు 1 నుంచి మే 31 వరకు నదీముఖం దగ్గర 20 కిలోమీటర్ల లోపల వేట మీద నిషేధం ఉంటుంది కదా. ఆ నెలల్లో మీ ఇళ్ళల్లో ఉండే టెన్షన్ పిల్లలు దాచకుండా రాశారు. ఒక తెల్లవారుజామున వల ఒడ్డుకు లాగితే అందులో తాబేలు. అది గాలి పీల్చే జీవి, వలలో చిక్కుకుని ఎక్కువసేపు నీళ్ళ కింద ఉండిపోతే చచ్చిపోతుంది. కాపలా మకర వల కోసెయ్యమంది. అప్పు చేసి కొన్న వల. పడవ మకర కోసింది. తాబేలు సముద్రంలోకి వెళ్ళిపోయింది, ఇద్దరి మధ్య మాటలూ పోయాయి. పదిహేను రోజుల తర్వాత కాపలా మకర నైలాను దారం పట్టుకుని వచ్చి, ఏమీ అనకుండా గుమ్మంలో కూర్చుని వల బాగుచెయ్యడం మొదలుపెట్టింది. ఆ పేజీ రాసింది తొమ్మిదో తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి. అది స్టాఫ్ రూములో పైకి చదువుతుంటే ఎవరం మాట్లాడలేకపోయాం.

తల్లి తాబేలు పిల్లల్ని తీసుకెళ్ళడానికి తిరిగి వస్తుందని ఒకరు రాశారు. రాదని సైన్సు మాస్టారు చెప్పారు. గుంతలో వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఆ రాత్రే వెళ్ళిపోతుంది. తాబేలు పిల్లలు బయటికి రావడానికి నెలన్నర పైనే పడుతుంది. అలాంటప్పుడు ఆ గుంత దగ్గర ఎవరుండాలి? పిల్లలు ఇద్దరు మకరల్నీ అక్కడ కూర్చోబెట్టారు. ఇసుక వేడెక్కిన కొద్దీ ఆడపిల్లలు ఎక్కువ పుడతాయని కూడా మాస్టారే చెప్పారు. అది కథలో ఇలా వచ్చింది:

“ఈ ఏడు ఎండలు మండిపోతున్నాయి మకర. అన్నీ ఆడపిల్లలే అవుతాయేమో.”

“కానియ్యి. ఒకదానికొకటి తోడుంటాయి.”

నిజానికి మగవి తగ్గిపోతే ఆ జాతికే ముప్పు. మాస్టారు ఆ సంగతి తరగతిలో విడిగా వివరించారు. కథలో ఆ మాట మాత్రం మార్చనివ్వలేదు నేను.

ఒడ్డు ఊళ్ళ వాళ్ళకు ఒక విన్నపం. ఏప్రిల్లో తాబేలు పిల్లలు గుంతల్లోంచి బయటికి వచ్చే రాత్రుల్లో సముద్రం వైపు లైట్లు ఆర్పెయ్యండి. తాబేలు పిల్లలు వెలుగున్న దిక్కుకే పాకుతాయి. వీధి దీపం సముద్రం కన్నా వెలుగ్గా ఉంటే రోడ్డెక్కి, తెల్లారేసరికి కుక్కల పాలో కాకుల పాలో అవుతాయి. ఫోన్ ఫ్లాష్ వేసి ఫోటోలు తియ్యకండి, పిల్లల చేత తీయించకండి.

నెలాఖరు శనివారం సాయంత్రం నాలుగింటికి బడి వరండాలో ఈ కథ చదువుతారు. అమ్మలు ఇంటిల్లిపాదితో కాదు, ఒక్క స్నేహితురాలిని తోడు తెచ్చుకుని రండి. పెళ్ళయ్యాక దూరమైన వాళ్ళయితే ఫోన్ చేసి పిలవండి. ఆ నాయనమ్మను, వాళ్ళ మకరను ముందు వరుసలో కూర్చోబెడుతున్నాం. మకరకు తెలుగు అంతంత మాత్రమే వచ్చట. ఆమె పక్కన కూర్చుని ఒడియాలో చెప్పడానికి ఎనిమిదో తరగతి పిల్లలిద్దరు సిద్ధమవుతున్నారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు