ఆటో లేబులింగ్ మొదలుపెట్టాం: మీ ఫైళ్ల విషయంలో ఏం మారుతుంది, ఏం మారదు

ఈ నెల నుంచి మీరు పంపే మోషన్ క్యాప్చర్ (ఆటగాడి కదలికల్ని కెమెరాలతో కొలిచే పద్ధతి) ఫైళ్లలో మార్కర్లకు పేర్లు పెట్టే పని ముందుగా సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఆ తర్వాతే ఫైలు మా మనుషుల చేతికి వస్తుంది. "అయితే ఇక ఫైళ్లు అదే రోజు వచ్చేస్తాయా?" అని చాలామంది అడుగుతున్నారు. కొన్ని వస్తాయి, కొన్ని రావు. ఎందుకో మీకు తెలియాలని ఇది రాస్తున్నాను.

కొత్తగా చేరిన కోచ్‌ల కోసం రెండు ముక్కలు చెబుతాను. ఒంటికి అతికించే మెరిసే మార్కర్లు ఇన్‌ఫ్రారెడ్ కెమెరాకి ఒట్టి చుక్కల్లా కనిపిస్తాయి. రెండు మూడు కెమెరాలు పట్టిన చుక్కల్ని కలిపి లెక్కిస్తే ఆ మార్కర్ ఎక్కడుందో తెలుస్తుంది. అది మోకాలిదా, మణికట్టుదా అన్నది మాత్రం తెలియదు. ఒక్కో చుక్కకు పేరు పెట్టి, ట్రయల్ (ఒకసారి చేసిన రికార్డింగ్) మొదటి నుంచి చివరి దాకా ఆ పేరు దానికే ఉండేలా చూడటమే లేబులింగ్. సెకనుకు 250 ఫ్రేములు, ఒంటి మీద 40 మార్కర్లు అనుకుంటే, ఒక్క సెకనులోనే 10,000 చుక్కలకు పేర్లు పెట్టాలి.

నడక, నిదానపు పరుగు, సైక్లింగ్ ఫైళ్లలో సాఫ్ట్‌వేర్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. తొడ మీద పెట్టిన నాలుగు మార్కర్ల మధ్య దూరాలు పెద్దగా మారవు. గత కొన్ని ఫ్రేముల్లో మార్కర్ ఎటు కదిలిందో చూస్తే తర్వాత ఎక్కడ ఉంటుందో అంచనా వేయొచ్చు. ఈ రెండూ కలిస్తే చాలావరకు పని అయిపోతుంది. ఇలాంటి ఫైళ్లు ఇకపై అదే రోజు పంపుతాం, రేటు కూడా తగ్గిస్తున్నాం.

చిక్కంతా విసిరే ఆటల్లో, ముఖ్యంగా ఫాస్ట్ బౌలింగ్‌లో వస్తోంది. ముందు కాలు నేలను తాకిన దగ్గర్నుంచి చేయి బంతిని వదిలేదాకా పట్టేది సుమారు సెకనులో పదో వంతు. మీకు కావాల్సిన సమాచారమంతా ఆ 25 ఫ్రేముల్లోనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే నడుము వంగి ముందు తుంటి మార్కర్లు కనబడకుండా పోతాయి. బౌలింగ్ చేతి మోచేయి లోపలి మార్కర్ తలకో భుజానికో చాటవుతుంది.

ఆ లోపలి మార్కర్ మాయమైన క్షణంలో దాని పేరు బయటి మార్కర్‌కు పోయిందనుకోండి. రెండిటికీ మధ్య దూరం ఎనిమిది సెంటీమీటర్లు అనుకుందాం. ఒక ఫ్రేమ్‌లో, అంటే 4 మిల్లీసెకన్లలో అంత దూరం జరగడమంటే సెకనుకు 20 మీటర్ల వేగం. ఫాస్ట్ బౌలర్ చేయి నిజంగానే అంత వేగంతో తిరగగలదు కాబట్టి, వేగాన్ని మాత్రమే చూసే తనిఖీ దీన్ని వదిలేస్తుంది. దాని మీద ఫిల్టర్ (అంకెల్లోని కుదుపుల్ని సాపు చేసే లెక్క) వేస్తే ఆ గంతు కాస్తా నునుపైన వంపుగా మారిపోయి అచ్చం కదలికలా కనిపిస్తుంది. మోచేతిని తలుపు బందు అనుకుంటే, ఆ బందు ఎటు తిరిగి ఉందో చెప్పేది ఈ రెండు మార్కర్లే. పేరు తప్పితే కోణమే మారిపోతుంది. చేయి భుజం ఎత్తుకు లేచినప్పటి నుంచి బంతి వదిలేదాకా మోచేయి 15 డిగ్రీలకు మించి సాగకూడదని ఐసీసీ నిబంధన. ఒక కుర్రాడి బౌలింగ్ సరైనదా కాదా అని తేల్చే అంకె ఇది. దాన్ని యంత్రం మీద వదిలేయడానికి నాకు మనసొప్పదు.

అందుకే బౌలింగ్, జావెలిన్, బేస్‌బాల్ పిచింగ్ ఫైళ్లను ఫిల్టర్ వేయకముందే మనిషి ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ చూస్తాడు. వీటికి మూడు పనిదినాలు పడుతుంది, రేటు తగ్గదు. అర్జెంటు అన్నా ఈ తనిఖీ మానేది లేదు.

గ్యాప్‌ల గురించి, అంటే మార్కర్ కనబడని ఫ్రేముల గురించి కూడా చెప్పాలి. ఒక మార్కర్ కనబడకపోయినా అదే భాగం మీద మరో మూడు కనిపిస్తుంటే, వాటిని బట్టి దాని స్థానం లెక్కగట్టొచ్చు. అలా లేనప్పుడు అటూ ఇటూ ఉన్న ఫ్రేముల్ని గీతతో కలపాల్సి వస్తుంది. బంతి వదిలే సమయంలో అలాంటి గ్యాప్ 10 ఫ్రేములు దాటితే మేం పూరించం, ఖాళీగానే వదిలేస్తాం. గ్రాఫ్ మధ్యలో తెగిపోయి కనిపిస్తుంది, కొందరికి అది నచ్చదని తెలుసు. కానీ ఆ 25 ఫ్రేముల్లో పది దాటి మేం గీసిందే అయితే అది కొలత అనిపించుకోదు. ఇకపై ప్రతి ఫైలుతో ఒక పట్టిక కూడా వస్తుంది: ఏ మార్కర్‌కు ఏ ఫ్రేముల్లో సాఫ్ట్‌వేర్ పేరు పెట్టింది, ఎక్కడ మనిషి సరిదిద్దాడు, ఎక్కడ పూరించాం అన్నవి అందులో ఉంటాయి.

మీ వైపు నుంచి కొంచెం సాయం కావాలి. ప్రతి ఆటగాడితో మొదట ఒక స్టాటిక్ ట్రయల్ (కదలకుండా నిలబెట్టి తీసేది), ఆ తర్వాత కీళ్లన్నీ పూర్తిగా తిప్పే ట్రయల్ ఒకటి రికార్డు చేయండి. సాఫ్ట్‌వేర్ ఆ మనిషి కొలతల్ని అక్కడే నేర్చుకుంటుంది. ఎడమ, కుడి తొడల మార్కర్లను ఒకే ఎత్తులో పెట్టకండి, కాస్త తేడా ఉంటే రెండు కాళ్లూ కలగాపులగం కావు. బూట్ల మీద మెరిసే పట్టీలుంటే టేపుతో కప్పేయండి, లేకపోతే అవి కూడా మార్కర్లలా కనిపిస్తాయి. చెమటకు ఊడిన మార్కర్‌ను మధ్యలో మళ్లీ అతికిస్తే స్టాటిక్ ట్రయల్ కూడా మళ్లీ తీయాల్సిందే. మార్కర్ సెట్ మార్చే ఆలోచన ఉంటే ముందే ఒక మాట చెప్పండి, కొత్త సెట్‌ను గుర్తించేలా సాఫ్ట్‌వేర్‌ను తయారుచేయడానికి టైమ్ పడుతుంది.

ఇదివరకు తీసుకున్న ఫైళ్లకు కూడా ఈ పట్టిక కావాలంటే అసలు సీ3డీ ఫైలు (మార్కర్ల స్థానాలు దాచే ఫైలు రకం) పంపండి. దానికి డబ్బులు తీసుకోం.