దెయ్యానికిచ్చిన క్రెడిట్ గురువుకివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఇంగ్లిష్ రాక్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ‘మీ అండ్ మిస్టర్ జాన్సన్’ ఆల్బమ్ మీద వచ్చిన వ్యాసం చదివాను. తెలుగు పేపర్లో బ్లూస్ గురించి, అదే అమెరికా నల్లజాతి వాళ్ల పాట గురించి, అర పేజీ రావడమే గొప్ప, అందుకు థాంక్స్. కానీ ఆ అర పేజీలో ముప్పాతిక భాగం దెయ్యమే తినేసింది. రాబర్ట్ జాన్సన్ అనే కుర్రాడు, అంటే క్లాప్టన్ ఈ ఆల్బమ్‌లో మళ్లీ పాడిన పాటల అసలు గాయకుడు, అర్ధరాత్రి నాలుగు రోడ్ల కూడలికి వెళ్లి, దెయ్యానికి ఆత్మ అమ్మేసుకుని, తెల్లారేసరికి గిటార్ విద్వాంసుడైపోయాడట. ‘అని చెప్పుకుంటారు’ అన్న మాటైనా లేకుండా అచ్చేశారు. నేను ఇరవై ఏళ్లు గోదావరి జిల్లాల ఆర్కెస్ట్రాల్లో, పెళ్లిళ్లకీ తీర్థాలకీ చవితి పందిళ్లకీ గిటార్ వాయించినవాణ్ణి. ఎడమచేతి వేళ్లకి కాయలు కాయించుకున్నవాడికి ఈ కథ చదివితే ఒళ్లు మండుతుంది.

అసలు ఆ కథ అతనిది కాదు. టామీ జాన్సన్ అని, రాబర్ట్ ఉన్న అమెరికా మిసిసిపీ రాష్ట్రంలోనే ఇంకో బ్లూస్ గాయకుడు ఉండేవాడు, ఇంటిపేరు కలిసింది తప్ప వీళ్లకి చుట్టరికం లేదు. ఆ టామీ కూడలికి వెళ్లి గిటార్ నేర్చుకొచ్చాడని అతని అన్న చెప్పిన కథ అది. తర్వాత్తర్వాత దాన్ని తెచ్చి రాబర్ట్ మెడకి తగిలించారు. సరే, 1936లో రాబర్ట్ పాడిన ‘క్రాస్ రోడ్ బ్లూస్’ వినండి, అందులో దెయ్యం ఊసే ఉండదు. కూడలిలో మోకాళ్ల మీద కూలబడి దేవుణ్ణి వేడుకుంటాడు, వచ్చే పోయే బళ్లని ఆపమని చెయ్యి ఊపుతాడు, ఎవరూ ఆపరు, పొద్దు వాలిపోతుంటుంది, అంతే. ఆ రోజుల్లో మిసిసిపీలో చీకటిపడే వేళకి తెలియని చోట ఒంటరిగా నిలబడ్డ నల్లజాతి కుర్రాడు భయపడటానికి దెయ్యమే రానక్కర్లేదు. వేరే పాటలో దెయ్యం తలుపు తడుతుంది, నిజమే, కానీ పాటలో ఉన్నదంతా పాడినవాడి బయోడేటా అయిపోతుందా?

ఇంకో తప్పు. ఆ కూడలి పాట ఈ ఆల్బమ్‌కి గుండెకాయ అన్నట్టు రాశారు, కానీ 2004లో వచ్చిన ఈ ఆల్బమ్‌లో ఉన్న 14 పాటల్లో అది లేనే లేదు. దాన్ని క్లాప్టన్ 1968లోనే క్రీమ్ బ్యాండ్‌తో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టేజి మీద వాయించి అదరగొట్టేశాడు.

మరి జాన్సన్‌కి గిటార్ ఎలా వచ్చింది? మొదట్లో అతని వాయింపు వినలేక జనం విసుక్కునేవాళ్లని సన్ హౌస్ అనే పెద్ద బ్లూస్ గాయకుడే తర్వాత చెప్పాడు. కుర్రాడు ఊరొదిలి వెళ్లిపోయాడు, కొన్నాళ్లకి తిరిగొచ్చి వాయిస్తే సన్ హౌస్ నోరెళ్లబెట్టాడు. మధ్యలో జరిగింది ఇదీ: హేజిల్‌హర్స్ట్ దగ్గర ఐక్ జిమ్మర్‌మన్ అనే గిటార్ వాయిద్యకారుడి ఇంట్లో ఉండి నేర్చుకున్నాడు. రాత్రిళ్లు ఇద్దరూ శ్మశానంలో కూర్చుని సాధన చేసేవాళ్లని ఆ ఇంటివాళ్లు చెప్పారు. ఎందుకంటే అక్కడైతే ఎవరి నిద్రా పాడవదు! నేను డాబా మీద ఒకే బిట్ వందసార్లు వాయిస్తుంటే పక్కింటి మామ్మగారు కిటికీలు ధడేల్మని వేసుకునేవారు, నాకూ ఓ శ్మశానం దొరికుంటే ఇంకాస్త బాగా వాయించేవాణ్ణేమో. మనకీ ఈ అలవాటు కొత్తదేం కాదు లెండి, తెనాలి రామకృష్ణుడి తెలివి కూడా కాళికాదేవి గిన్నెలోంచి తాగిందే అనుకుంటాం, ఆయన కూర్చుని చదువుకుని ఉంటాడని ఎవరికీ తోచదు.

ఇక ఆల్బమ్ సంగతి. మీరు ఆకాశానికెత్తారు గానీ నాకైతే అంత అనిపించలేదు. స్టీవ్ గ్యాడ్ డ్రమ్స్, బిల్లీ ప్రెస్టన్ కీబోర్డ్, వంక పెట్టడానికి లేదు, అదే దాని జబ్బు కూడా. జాన్సన్ ఒక్కడు ఒక్క గిటార్‌తో బొటనవేలితో బేస్ నడుపుతూ, పై తీగల మీద స్లయిడ్ (వేలికి తొడుక్కునే గొట్టం) జరుపుతూ, మధ్యలో పాడుతూ ఉంటే రెండో మనిషి ఎవరా అని వెతుక్కుంటాం. గోటువాద్యం (మెట్లు లేని వీణ) విన్నవాళ్లకి ఆ జారుడు కొత్తగా ఉండదు, మెట్ల మీద ఆగకుండా స్వరం నుంచి స్వరానికి పాకుతుంది. క్లాప్టన్ ఆల్బమ్‌లో ఆ ఒక్కడి పనిని ఇంతమంది పంచుకునేసరికి కంగారు పోయింది, కంగారు లేకపోతే ఆ పాటల్లో సగం పోయినట్టే. దానికన్నా అదే ఏడాది చివర్లో వచ్చిన ‘సెషన్స్ ఫర్ రాబర్ట్ జె’ డీవీడీ చూడండి. డాలస్‌లో జాన్సన్ 1937లో రికార్డు చేసిన బిల్డింగ్‌కే వెళ్లి క్లాప్టన్, డోయల్ బ్రామ్‌హాల్ చెరో గిటార్ పట్టుకుని కూర్చుంటారు. అక్కడ నాకు కాస్త భయం వినిపించింది.

క్లాప్టన్ ఆల్బమ్ పేరులోనే జాన్సన్‌ని పెట్టాడు, అది మెచ్చుకోవాలి, పాత పాటలు ఎత్తుకుని తమ పేరేసుకున్న రాక్ బ్యాండ్లు తక్కువేం కాదు. అయితే నల్లవాళ్ల సంగీతం మీదే బతికిన ఇదే మనిషి 1976లో బర్మింగ్‌హామ్ స్టేజి మీద వలస వచ్చినవాళ్లని వెళ్లగొట్టాలని నోరు పారేసుకున్నాడు, తర్వాత సిగ్గుపడుతున్నానని చెప్పుకున్నాడు. అర పేజీలో దెయ్యానికి దొరికిన చోటు దీనికీ దొరకాల్సింది.

జాన్సన్ 29 పాటలు రికార్డు చేసి 1938 ఆగస్టులో 27 ఏళ్లకే పోయాడు. ఆ డిసెంబర్లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో పాడించాలని జాన్ హ్యామండ్ అనే రికార్డుల నిర్మాత వెతికిస్తే చనిపోయాడని తెలిసింది, స్టేజి మీద రికార్డులు పెట్టి వినిపించారు. 1990లో పాటలన్నీ కలిపి వేసిన సెట్ పది లక్షలకి పైగా అమ్ముడైంది. అప్పటికి అతని కొడుకు మిసిసిపీలో కంకర లారీ తోలుకుంటున్నాడు. నేనే వారసుణ్ణని అతను కోర్టులకెక్కితే రాష్ట్ర సుప్రీంకోర్టు ఔననడానికి 2000 దాకా పట్టింది. దెయ్యం కథలో లేని మలుపులు ఇందులో ఉన్నాయి, మీ రిపోర్టర్‌కి ఇది ఎందుకు కనపడలేదో మరి.

మీకు చోటు కష్టమని తెలుసు. ఉత్తరం మొత్తం వేయకపోయినా ఫర్వాలేదు, ఐక్ జిమ్మర్‌మన్ పేరున్న ఆ ఒక్క వాక్యం వచ్చే ఆదివారం సవరణగా వేయండి.

ఇట్లు,
ఒక పాత ఆర్కెస్ట్రా గిటారిస్టు,
రాజమహేంద్రవరం